ఆపిల్ పరికరం లేకుండా సఫారీలో తెలుగు పేజీని పరీక్షించడం ఎలా?

నమస్కారం. నేను రూపొందిస్తున్న తెలుగు వెబ్‌సైటు విండోస్‌లోని క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో సక్రమంగానే కనిపిస్తున్నప్పటికీ, ఐఫోన్ వాడే పాఠకులు పంపిన స్క్రీన్‌షాట్లలో మాత్రం శీర్షికల్లోని ‘స్త్ర’, ‘క్ష్మ’ వంటి అక్షరాల కింది వత్తులు సగానికి తెగిపోతున్నాయి. మెనూలోని చివరి బటన్ కూడా అడ్రస్ బార్ వెనుకకు పోతోంది. బటన్ సంగతి ఎత్తును 100వీహెచ్‌కు (అడ్రస్ బార్‌ను లెక్కలోకి తీసుకోని తెర ఎత్తు) బదులు 100డీవీహెచ్ (అడ్రస్ బార్ పోగా కనిపించే ఎత్తు) అని రాస్తే తీరేదే, వత్తులదే అసలు చిక్కు. లైన్-హైట్‌ను (వరుస ఎత్తును) 1.2 నుంచి 1.6కు పెంచాను గానీ, ఫలితం చూసుకోవడానికి నా దగ్గర ఆపిల్ పరికరమేదీ లేదు. ప్లేరైట్ అనే బ్రౌజర్ పరీక్షా సాధనంతో వచ్చే వెబ్‌కిట్ (సఫారీకి ఆధారమైన ఇంజిన్) విండోస్‌లోనూ నడుస్తుంది, అయితే అది నా కంప్యూటర్‌లో ఉన్న తెలుగు ఫాంటునే తీసుకుంటుంది కనుక ఐఫోన్‌లో కనిపించే అక్షరరూపం అందులో తెలియదు. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటును వెబ్ ఫాంటుగా (పేజీతో పాటే పాఠకుడి పరికరంలోకి దిగేలా) జతచేస్తే ఈ తేడా పూర్తిగా తొలగుతుందా, లేక నిజమైన ఐఫోన్లను ఆన్‌లైన్‌లో అద్దెకిచ్చే సేవలను ఆశ్రయించక తప్పదా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.