రాయగడ సంతలో కొన్న పసుపు కొమ్ములు ఎక్కడ పరీక్ష చేయించాలి?

నమస్కారమండీ. మేం రాయగడలో ఉంటాం. ప్యాకెట్ పసుపు మానేసి, సంతకు కొండల నుంచి దిగే ఆడవాళ్ల దగ్గర కొమ్ములు కొని మర ఆడిద్దామనుకుంటున్నాం. పండించిన మనిషి ఎదురుగానే ఉంటుంది, నాలుగు మాటలు అడగొచ్చు, డబ్బూ ఆమెకే చేరుతుంది. కానీ పక్కనే వ్యాపారుల గుట్టలూ ఉంటాయి. కొన్ని మరీ నిగనిగలాడుతుంటే నాకు అనుమానం. రంగు కోసం కొమ్ములకు లెడ్ క్రోమేట్ పూసే మోసం ఉంది కదా, అందులోని సీసం పిల్లల మెదడుకు చేటు.

తడి కాగితం మీద కొమ్ము పెట్టి చూశా, రంగు అంటలేదు. సీసం లేదనడానికి అది చాలుతుందా? 2006 నాటి ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 ప్రకారం కొన్నవాళ్లే ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు, కాకపోతే ఆ సంగతి కొనేటప్పుడే అమ్మేవాళ్లకు చెప్పాలి. బుట్టతో వచ్చిన ముసలామెతో ఆ మాట ఎలా అంటాం చెప్పండి!

మాకు భువనేశ్వర్ కన్నా విశాఖ దగ్గర. ఒడిశాలో కొన్న సరుకు అక్కడి ల్యాబ్‌లో తీసుకుంటారా? ఎంత పసుపు ఇవ్వాలి, ఖర్చెంత? గుణుపురం, పర్లాకిమిడి వాళ్లెవరైనా చేయించి ఉంటే చెప్పండి. మరలో ముందువాళ్ల కారం కలవకుండా ఏం చేస్తారో కూడా.