ఇన్సులిన్‌తో అమ్మ డల్లాస్ ప్రయాణం - తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా అమ్మ జూన్‌లో శంషాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వస్తోంది, ఒక్కతే. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి అంతా చేతి బ్యాగులోనే. డాక్టరు లెటరు రాయించాం, వీల్‌చైర్ కూడా బుక్ చేశాం.

నా టెన్షనల్లా స్టాకు గురించే. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను (మందు నింపి ఉండే సూది పరికరం) ఫ్రిజ్ బయట ఉన్నా కొన్ని వారాలు పర్వాలేదు. తెరవనివి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మూడు నెలలకు సరిపడా తెస్తోంది. జెల్ ఐస్ ప్యాకులు దోహా చేరేసరికి కరిగి నీళ్లయిపోతే అక్కడి సెక్యూరిటీ వాళ్లు రానిస్తారా? విమానంలో ఐసు అడిగితే ఇస్తారా? ఈమధ్య ఇలా తెచ్చుకున్నవాళ్లు ఏ రకం కూలింగ్ పౌచ్ వాడారు?

ఇంకోటి, రెండు ఊళ్లకీ పదిన్నర గంటల తేడా. డోసు టైము ఎలా మార్చాలో డాక్టరునే అడుగుతాం. కానీ సూది వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే మీవాళ్లు ఏం చేశారు? షుగర్ పేషెంట్ల మీల్ చెప్పాం గానీ, అమ్మేమో పులిహోర మూట కట్టుకుంటానంటోంది. ఇంగ్లిష్ అంతంతమాత్రం కాబట్టి, సిబ్బందికి చూపించేలా చీటీలో ఏమేం రాసిస్తే మంచిది?