పైవాళ్లు గీజర్ వేస్తే మా బల్బులు భగ్గుమంటున్నాయి, న్యూట్రల్ లూజేనా?

మాది త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న పాత ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు చెరో ఫేజ్ మీద ఉన్నాం. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మాత్రం అందరికీ ఒకటే. మూడో పోర్షన్ ఖాళీ.

వారం నుంచి పైవాళ్లు గీజర్ వేస్తే చాలు, మా ఫ్యాన్ పిచ్చి స్పీడులో తిరుగుతోంది, వాళ్ల లైట్లేమో డల్ అవుతున్నాయి. నిన్న మా టీవీ కాలిపోయింది. మల్టీమీటర్ పెడితే 230 ఉండాల్సిన చోట 285 వోల్టులు! ఎలక్ట్రీషియన్ వచ్చి ఎంసీబీ (దానంతటదే పడిపోయే రక్షణ స్విచ్) మార్చి వెళ్లాడు. అది ఓవర్‌లోడ్‌కీ షార్ట్‌కీ పడుతుంది గానీ, వోల్టేజ్ పెరిగితే పడదు కదా?

ప్రస్తుతం మెయిన్ ఆపేశాం. లూజు స్తంభం దగ్గరుందో, మీటర్ బోర్డులో ఉందో ఎలా తెలుస్తుంది? ముందు లైన్‌మన్‌నే పిలవాలా? ఫ్రిజ్ కూడా ఆగింది, ఇడ్లీ పిండి పులిసిపోయేలోపు కాస్త చెప్పండి.