బాంకో నిజంగా మంచివాడేనా? కాస్త చెప్పండి
గుంటూరులో ఎంఏ ఇంగ్లీష్ చదువుతున్నాను. సోమవారం ఇంటర్నల్, షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నాటకంలోని ఇద్దరు సేనాపతులు మాక్‌బెత్‌నీ బాంకోనీ పోల్చమనే ప్రశ్న ఖాయం అంటున్నారు, అదే టెన్షన్. నోట్స్‌లో ఒకడు దుర్మార్గుడు, ఇంకొకడు ధర్మాత్ముడు అని తేల్చేశారు కానీ నాకది మింగుడుపడట్లేదు. మాక్‌బెత్ రాజవుతాడు, బాంకో వంశంవాళ్లు రాజులవుతారు అన్న మంత్రగత్తెల జోస్యం ఇద్దరూ కలిసే విన్నారు, మాక్‌బెత్ నిద్రపోతున్న రాజును చంపేశాడు, బాంకో ఏమీ చేయలేదు, సరే. మరి మూడో అంకం మొదట్లో బాంకో ఒక్కడే నిలబడి, నువ్వు అడ్డదారి తొక్కావని నా అనుమానం అని గొణుక్కుని, ఆ వెంటనే నా వంశానికి చెప్పింది కూడా నిజమవుతుందేమో అని ఆశపడి, మాక్‌బెత్ రాగానే గప్‌చుప్ అయిపోతాడే! నాటకం రాసినప్పటి ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్‌ది బాంకో వంశమని నమ్మేవారట, అందుకే నాటకంలో అతన్ని మంచిగా చూపించారా? ఆ మౌనాన్ని స్వార్థం అని రాస్తే మార్కులు పోతాయా అండీ? ఈ పాఠం చెప్పినవాళ్లు ఉంటే ప్లీజ్.