అప్‌డేట్: కలబంద జెల్‌లో నల్ల చుక్కలు, అసలు తప్పు పీహెచ్‌ది

నా ప్రశ్న ఇదీ: 100 గ్రాముల కలబంద జెల్‌లో 0.5 గ్రా. సోడియం బెంజోయేట్ (పాడవకుండా ఆపే లవణం), విటమిన్ ఇ వేసినా మూడో వారానికి నల్ల చుక్కలు, అంటే బూజు, ఎందుకు వచ్చాయి? మీరు అడిగినట్టే పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) కొలిచాను, 6.2 ఉంది. అక్కడ బెంజోయేట్‌లో సుమారు ఒక్క శాతమే బూజును ఆపే బెంజోయిక్ ఆమ్లంగా ఉంటుంది. 4.8కి దించితే అది దాదాపు 20 శాతం. విటమిన్ ఇ అయితే నూనెలు కంపు కొట్టకుండా కాపాడుతుందంతే, బూజుకు అడ్డు కాదు.

కొత్త బ్యాచ్‌లో అదే 0.5 గ్రాముల బెంజోయేట్‌కి బూజును ఆపే మరో లవణం, 0.3 గ్రా. పొటాషియం సోర్బేట్ జోడించాను. రెండూ ముందు నీళ్లలో పూర్తిగా కరగాలి. తర్వాతే పీహెచ్ దించడానికి 10 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణం, చుక్క చుక్కగా కలుపుతూ. గబుక్కున పోస్తే బెంజోయిక్ ఆమ్లం తెల్లటి పలుకులుగా విడిపోతుంది, వేలికి ఇసుకలా తగులుతుంది. మర్నాడు పీహెచ్ మళ్లీ చూడండి. చిక్కదనానికి శాంథాన్ గమ్ వాడాను. చిక్కదనానికే వాడే కార్బోమర్ అయితే ఈ లవణాలకు పలచబడిపోతుంది. విటమిన్ సి మాత్రం వేయకండి, బెంజోయేట్‌తో కలిస్తే బెంజీన్ పుట్టే ప్రమాదముంది.

రెండు నెలలైంది, చుక్కల్లేవు. అయినా ఎవరికీ అమ్మట్లేదు: లక్షల బ్యాక్టీరియా ఉన్నా జెల్ తేటగానే కనబడొచ్చు. 28 రోజుల చాలెంజ్ టెస్ట్ (కావాలని సూక్ష్మజీవులను కలిపి, జెల్ వాటిని అణచగలదా అని చూసే పరీక్ష) ల్యాబ్‌లో చేయించాకే అమ్మే మాట.