సిప్ ఆపేయాలా, బంగారం కొనాలా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, చిన్న బట్టల కొట్టు. నాలుగేళ్లుగా ఇండెక్స్ ఫండ్‌లో (సెన్సెక్స్ లాంటి షేర్ల సూచీని అనుసరించే ఫండ్) నెలకు 8,000 సిప్, అంటే నెలనెలా వాయిదా పెట్టుబడి, కడుతున్నాను. 6 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెల చేతికొస్తుంది. పాపని మూడేళ్లలో ఇంజినీరింగ్‌లో చేర్పించాలి.

టీవీ పెడితే మాంద్యం మాటే. మా బావమరిదికి రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టులో మన దేశపు ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు వాడు పడ్డ అవస్థ కళ్లారా చూశాను. అప్పటి నుంచి టెన్షనే. ఇంట్లో నాన్నగారు "బంగారం కొనరా" అని ఒకటే పోరు.

2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడి, ఆ ఏడాది చివరికల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది. (అప్పుడు నేను మార్కెట్లో లేను, ఉంటే భయపడి అమ్మేసేవాణ్ణే.) కానీ 2008 జనవరిలో 21,000 తాకిన సూచీ మళ్లీ అక్కడికి చేరడానికి 2010 నవంబరు దాకా పట్టింది. పాప ఫీజు కట్టే ఏడాదే అలా జరిగితే?

ఒక బ్యాంకులో డిపాజిట్ బీమా 5 లక్షల వరకేగా, అందుకే ఎఫ్‌డీని రెండు బ్యాంకుల్లో వేద్దామనుకుంటున్నా. ఫీజు డబ్బు అందులోనే ఉంచి, సిప్‌ని పదేళ్ల దాకా ముట్టుకోకపోతే సరిపోతుందా? బంగారం ఎంత కొనొచ్చు? నాలాగా కొట్టు నడిపేవాళ్లు ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉంచుకుంటున్నారో కూడా చెప్పండి.