8 ఏళ్లు ఆగిన కారు రీబిల్డ్: విప్పకముందే ప్లాన్ సరిచూడండి (ఫొటోలతో)

పాతబండి_76
నమస్కారం. 8 ఏళ్లుగా షెడ్డులో కదలకుండా ఉన్న కారు. 1.3 లీటర్ల నాలుగు సిలిండర్ల కార్బురేటర్ ఇంజన్, పుష్‌రాడ్ రకం (కడ్డీలు వాల్వులను తెరిచేది), వెనక చక్రాల డ్రైవ్. 11 ఫొటోలు పెట్టాను. అనుకున్న వరస ఇది: ముందు ఇంజన్ దించి ఓవర్‌హాల్, తర్వాత బ్రేకులు, సస్పెన్షన్, ఆపైన టింకరింగ్, పెయింట్, ఆఖర్న వైరింగ్, సీట్లు. ఎడమ పక్క తలుపు కింద సిల్ మీద పెయింట్ నాలుగైదు చోట్ల పొక్కింది, 4వ ఫొటో చూడండి. ఇంజన్ ఇంకా తిప్పి చూడలేదు. ఒక్క నట్టు కూడా విప్పలేదు కాబట్టి మార్చాల్సింది ఉంటే ఇప్పుడే చెప్పండి.

తుప్పువేట
వరస మార్చాల్సిందే. బాడీ ముందు, మిగతావన్నీ తర్వాత. ఇంజన్, బ్రేకులు కొత్తగా చేసి పెట్టుకుని అప్పుడు గ్రైండర్ పట్టారంటే ఇనప రజను సీళ్లలోకి, బేరింగుల్లోకి పోతుంది. వెల్డింగ్ రవ్వలు కొత్త రబ్బరు పైపులని కాలుస్తాయి, అద్దాల మీద మచ్చలు పెడతాయి. అంతకన్నా ముఖ్యం, సస్పెన్షన్ బిగించే చోట రేకు పోయిందని ఆఖర్న తెలిస్తే అప్పటిదాకా ఇంజన్ మీద పెట్టిందంతా ఇరుక్కుపోతుంది.

4వ ఫొటోలో పొక్కులు సిల్ కింది అంచున ఉన్నాయి. అక్కడ పొక్కితే తుప్పు సాధారణంగా లోపలి నుంచే వస్తుంది. నీళ్లు కారిపోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి, పెట్టెలా ఉండే ఆ భాగంలో తడి నిలిచిపోతుంది. బయట బొత్తామంత పొక్కు ఉంటే లోపల అరచేతంత రేకు పోయి ఉండటం మామూలే. పాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట మొనతో గట్టిగా పొడవండి. పైకి బాగున్నచోట పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టండి, పట్టకపోతే కింద మందంగా లప్పం ఉన్నట్టు. రెండు సిల్‌లు, జాకీ పెట్టే చోట్లు, సీటు బెల్టు బోల్టుల చుట్టూ, ఫ్లోరు మూలలు, వెనక స్ప్రింగుల బిగింపులు, బ్యాటరీ పళ్లెం, ముందద్దం రబ్బరు కింద, ఇవి ఒక్కటి కూడా వదలొద్దు.

ఫీలర్‌గేజ్
విప్పడం మొదలుపెట్టక ముందు ఫొటోల సంగతి. ఇప్పుడు పెట్టినవన్నీ దగ్గర నుంచి తీసినవే, అవి ఎక్కడివో మాకే తెలియడం లేదు, ఆరు నెలల తర్వాత మీకూ తెలియదు. ఒక్కో చోటికి మూడు తీయండి: దూరం నుంచి ఒకటి, మధ్యస్తంగా ఒకటి, దగ్గరగా ఒకటి. దగ్గరి ఫొటోలో స్టీలు స్కేలు కనపడాలి. ఫ్లాష్ ఎదురుగా కొడితే సొట్టలు, పొక్కులు మాయమవుతాయి. టార్చిని రేకుకు ఆనించినట్టు పక్క నుంచి వేయండి, ప్రతి ఎగుడుదిగుడుకీ నీడ పడుతుంది.

వైరు కనెక్టర్ ఊడదీసే ముందు రెండు ముక్కలకీ ఒకే నంబరున్న టేపు అతికించి, నంబరు చదవగలిగేలా తీయండి. వైరు రంగులు టేపు మీద రాయండి. షెడ్డులో పసుపు బల్బు కింద తీసిన ఫొటోలో తెలుపు, పసుపు ఒకటే అవుతాయి.

తలుపు కీలు వదులు చేసే ముందు దాని చుట్టూ సూదిమొనతో గీత గీయండి. వెనక పల్చటి షిమ్ములు (సర్దుబాటు రేకులు) ఉంటే ఎన్ని, ఎటు పక్క అన్నది ఫొటో తీసి లెక్క రాసుకోండి. బోల్టుల కవరు మీద ఆ ఫొటో నంబరే వేస్తే వెతుకులాట ఉండదు. వాటర్ పంపు, టైమింగ్ కవరు లాంటివాటికి కవరు కూడా చాలదు. అట్ట మీద ఆ భాగం ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొట్టి బోల్టు చోట పొడుగుది వేస్తే అడుగు తగిలి కాస్టింగ్ పగులుతుంది.

ఇక్కడ పెట్టేటప్పుడు నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు కనపడకుండా చేయండి.

పాతబండి_76
పొడిచి చూశాను. ఎడమ సిల్‌లో మూడు చోట్ల మొన లోపలికి దిగింది. అన్నిటికన్నా పెద్దది 14వ ఫొటోలో, స్కేలుతో 110 మి.మీ. కుడి సిల్, సీటు బెల్టు చోట్లు గట్టిగా ఉన్నాయి. సిల్ కోసి కొత్తది వేయాలంటే బండిని స్టాండ్ల మీద పెట్టి కోయొచ్చా?

తుప్పువేట
ముందు తలుపు సందులు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి రాయండి. తర్వాత తలుపు తీసి, ఆ ఖాళీలో 25 మి.మీ. చదరపు పైపుతో ముందు స్తంభానికీ మధ్య స్తంభానికీ అడ్డంగా ఒకటి, మూల నుంచి మూలకు ఒకటి టాకాలు (చిన్న చుక్క వెల్డింగులు) వేయండి. బండి బరువు నడుమ వేలాడకూడదు, సస్పెన్షన్ బిగింపుల దగ్గర ఆనాలి. అలా కాకుండా సిల్ కోస్తే బాడీ నడుమ దిగిపోతుంది, అదే స్థితిలో కొత్త సిల్ వెల్డ్ చేస్తే తలుపు ఇక ఎప్పటికీ సరిగ్గా పడదు. రెండో పక్క కూడా చేయాల్సి వస్తే ఒకటి పూర్తయ్యాకే. ఆఖరి వెల్డింగ్‌కి ముందు తలుపు తగిలించి మళ్లీ కొలవండి.

0.8 మి.మీ. రేకుకు మిగ్‌లో (వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్ మిషన్‌లో) 0.6 మి.మీ. వైరు చాలు. 25-30 మి.మీ. దూరంలో టాకాలు, ఒకటి ఈ చివర, ఇంకోటి ఆ చివర. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో నింపండి. ఒకే చోట లాగిస్తే రేకు అలలు తిరుగుతుంది.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ అసలు చేయొద్దు. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పెట్రోల్ ట్యాంకు దించి బయట పెట్టండి, ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయండి. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే చోటికి దగ్గర్లోనే పెట్టండి. సిల్ లోపల తుప్పు ఆపే మైనం మందు పెయింట్ అయ్యాకే కొట్టాలి, ముందే కొడితే వెల్డింగ్‌లో అంటుకుంటుంది, పెయింట్ పట్టదు.

పానా_పట్టు
ఇంజన్ దించక తప్పదు కానీ విప్పడానికి తొందరొద్దు. స్టార్టర్ ఇప్పుడే కొట్టొద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో బోరులో (సిలిండర్ గొట్టంలో) ఒక టేబుల్ స్పూను పల్చటి ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు ఆగండి. వాల్వ్ కవరు తీసి, న్యూట్రల్‌లో క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి చేత్తో తిప్పండి, వాల్వులన్నీ కదులుతున్నాయా చూస్తూ. ఒక్క వాల్వు ఇరుక్కున్నా పుష్‌రాడ్ వంగుతుంది. రెండు పూర్తి చుట్లు సాఫీగా తిరిగితే కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడండి. థ్రాటిల్ మొత్తం తెరిచి, ప్లగ్గులన్నీ తీసి. తక్కువ వచ్చిన బోరులో టీస్పూను ఆయిల్ వేశాక పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది. పక్కపక్క బోర్లు రెండూ తక్కువైతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డు కింది సీలు) అనుమానించండి.

ఫీలర్‌గేజ్
పద్ధతి సరైనదే అన్నా, కానీ ఇన్నేళ్లు ఆగిన ఇంజన్‌లో మొదటి రీడింగ్ మీద తీర్పు ఇవ్వలేం. రింగులు గాడిలో అతుక్కుని ఉంటాయి, వాల్వు సీట్ల మీద తుప్పు పొర ఉంటుంది. అసలు సంగతి హెడ్డు తీశాక బోరే చెబుతుంది. పై అంచు కింద గోరు తగిలేంత మెట్టు ఉంటే అరుగుదల ఉన్నట్టే, ఎందుకంటే పై రింగు ఆగే చోట ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ.

విప్పేటప్పుడు మెయిన్ క్యాపులకీ (క్రాంక్‌ను పట్టే బేరింగ్ మూతలు), కనెక్టింగ్ రాడ్ క్యాపులకీ ఏ నంబరు, ఎటు ముఖం అన్నది పంచ్‌తో గుర్తు పెట్టండి. వాటిని జతలో బిగించి ఉంచే లోపలి రంధ్రం కోసి ఉంటారు, మారిస్తే క్రాంక్ పట్టేస్తుంది. కొత్త రింగును పిస్టన్ తలతో బోరులో సమంగా నెట్టి రింగు కొసల మధ్య సందు కొలవండి. 25 మి.మీ. బోరుకు సుమారు 0.1 మి.మీ. లెక్క, 75 మి.మీ.కి 0.3. సందు మరీ తగ్గితే వేడికి కొసలు ఢీకొని బోరు గీసుకుంటుంది. మీ ఇంజన్ మాన్యువల్ అంకె వేరుగా ఉంటే అదే లెక్క.

ఎర్తువైరు
సస్పెన్షన్ కట్టేటప్పుడు రబ్బరు బుష్ బోల్టులు బండి గాలిలో ఉండగా బిగించొద్దు. చక్రాల మీద బరువు పడ్డాకే. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. బ్రేకు రబ్బరు గొట్టాలు బయటికి బాగున్నా మార్చేయండి, లోపల ఉబ్బి చక్రం పట్టేసి వదలదు.

ఇంకోటి, ఇది ముందే చెప్పాల్సింది. 15వ ఫొటో, దూరం నుంచి తీసింది. వెనక ఎడమ స్టాండు సిల్ కిందే ఉంది, 110 మి.మీ. రేకు పోయిన చోటికి జానెడు దూరంలో. ఎవరూ కిందికి దూరకండి, వెంటనే జరపండి.

పాతబండి_76
ఇరుసు కిందికి జరిపాను. 17వ ఫొటో. స్టాండు ఉన్నచోట సిల్ అంచు 4 మి.మీ. లోపలికి నొక్కుకుపోయింది.

తుప్పువేట
ఇప్పుడు సరిగ్గా ఉంది. పైపులు టాకా వేసే ముందు తలుపు సందులు మళ్లీ కొలిచి, ఈ కొత్త అంకెలే రాసుకోండి.